చెయ్యి అందే గీత: చిన్నపిల్లలున్న ఇంటిని పొందికగా, అందంగా ఉంచుకోవడం ఎలా?

ఇంటికి వచ్చినవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: "ఇద్దరు పిల్లలతో ఇల్లు ఇలా ఎలా ఉంచుతున్నారు?" మంచం కింద మాత్రం చూడవద్దని చెప్పి ఇన్నాళ్లూ తప్పించుకున్నాను. అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి మొత్తం పద్ధతిని వరసగా రాస్తున్నాను. మాది రెండు పడక గదుల అద్దె ఫ్లాటు. పిల్లల్లో చిన్నవాడికి రెండేళ్లు, పెద్దదానికి ఐదేళ్లు. నడక మొదలైనప్పటి నుంచి ఆరేళ్ల వరకు పిల్లలున్న ఏ ఇంటికైనా ఇది సరిపోతుంది.

ఒక సంగతి ముందే చెబుతాను. ఈ పద్ధతిలో ఇల్లు రోజంతా సర్ది ఉండదు. పగలు చిందరవందరగానే ఉంటుంది, కాకపోతే పావుగంటలో తేరుకుంటుంది. కింద చెప్పేవన్నీ ఆ పావుగంట కోసమే.

## 1. ముందు గీత గీయండి

పిల్లవాడిని గోడకు ఆనించి నిలబెట్టి, చెయ్యి పైకి చాపమనండి. వేలి కొస తగిలిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టండి. మునివేళ్ల మీద లేచి అందుకుంటాడు కాబట్టి పైన ఇంకో జానెడు కలిపి గీత గీయండి. రెండేళ్లవారికి ఇది ఇంచుమించు నాలుగడుగుల దగ్గర, ఐదేళ్లవారికి ఐదడుగుల దగ్గర పడుతుంది.

ఇక ఇల్లంతా ఈ గీతతోనే చూడండి.

- గీత కింద: పగలనివి, కడిగితే పోయేవి, పిల్లలు తీసినా మీకు కోపం రానివి.
- గీత పైన: మీకు ఇష్టమైనవి. పటాలు, బొమ్మలు, దీపాలు, మొక్కలు, ఇత్తడి సామాను.
- తాళంలో: మందులు, కర్పూరం, కలరా ఉండలు, యాసిడ్, ఫినాయిల్, సూదులు, గడియారాల్లో వేసే బిళ్ల బ్యాటరీలు.

ఇద్దరు పిల్లలుంటే అలంకరణకు చిన్నవాడి గీత చాలు, పెద్దపిల్లకు మాట చెబితే అర్థమవుతుంది. ప్రమాదకరమైన వాటి విషయంలో మాత్రం ఏ గీతనూ నమ్మకండి. ప్లాస్టిక్ స్టూలు లాక్కుని ఎక్కడం రెండేళ్లకే వస్తుంది. అందుకే వాటిని ఎత్తున పెట్టి ఊరుకోవద్దు, తాళం వేయండి. పూజ అరలో కర్పూరం డబ్బా చాలా ఇళ్లలో కిందే ఉంటుంది. పటికబెల్లం ముక్కలా కనిపించే ఆ బిళ్ల కొద్దిగా మింగినా పిల్లలకు ఫిట్స్ రావచ్చు. ఈ వ్యాసంలో మరేదీ చేయకపోయినా ఆ డబ్బాను ఈరోజే తీసి లోపల పెట్టండి.

మా హాలులో కొండపల్లి ఎడ్లబండి ఒకటుంది. అందులో ఒక ఎద్దుకు కొమ్ము లేదు. గీత గీయకముందు పోయిన కొమ్ము అది. కొండపల్లి బొమ్మ తేలికైన పొణికి చెక్కతో చేసిన ముక్కలను అతికించి తయారు చేసేది, దాని చోటు పైనే. ఏటికొప్పాక బొమ్మ అయితే తరిమెన (చెక్కను గిరగిరా తిప్పి చెక్కే యంత్రం) పట్టి లక్క పూసిన చెక్క. అతుకులు తక్కువ కాబట్టి బొంగరం, గిలక లాంటివి కింద బుట్టలో వేసినా తట్టుకుంటాయి.

ఇంటి అందమంతా గీత పైనే ఉంచమనడానికి ఇంకో కారణం ఉంది. వచ్చినవారు సోఫాలో కూర్చుంటే వారి చూపు ఎదుటి గోడ మీద పడుతుంది, నేల మీద కాదు. ఆ ఒక్క గోడను శ్రద్ధగా అమర్చితే కింద రెండు కార్లు, ఒక సాక్సు పడి ఉన్నా ఇల్లు సర్దినట్టే కనిపిస్తుంది.

## 2. బుట్టలు కొనే ముందు సామాను తగ్గించండి

అందరూ చేసే మొదటి తప్పు బుట్టలు, డబ్బాలు ముందు కొనుక్కోవడం. సామాను ఎంత మిగులుతుందో తెలియకుండా కొంటే ఆ డబ్బాలే అదనపు సామాను అవుతాయి. నేను అలా కొన్న ఆరు ప్లాస్టిక్ డబ్బాల్లో రెండింటిలో ఇప్పుడు ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఉన్నాయి.

పిల్లలు ఇంట్లో లేని పూట చూసుకుని మూడు సంచులతో కూర్చోండి: ఇచ్చేసేవి, పారేసేవి, దాచి చూసేవి. హాలుతో మొదలుపెట్టి బొమ్మలు, బట్టలు అయ్యాక చివరికి వంటగదికి రండి. వంటగదితో మొదలుపెడితే అక్కడే సాయంత్రమవుతుంది.

బొమ్మల్లో ఏవి తీసేయాలి?

- చక్రాలు పోయిన కార్లు, ముక్కలు తగ్గిన పజిళ్లు
- పుట్టినరోజు పండుగల్లో తిరుగు కానుకగా వచ్చిన చిన్న చిన్న ప్లాస్టిక్ వస్తువులు
- బ్యాటరీ మూత సరిగా బిగియనివి
- ఒకే పని చేసేవి మూడు ఉంటే, వాటిలో రెండు

మూడేళ్లలోపు వారికి ఇంకో పరీక్ష పెట్టండి. టాయిలెట్ పేపరు చుట్ట లోపలి అట్ట గొట్టంలోంచి దూరి పోయే వస్తువు ఏదైనా గొంతులో అడ్డం పడగలదు. దాన్ని పెద్దపిల్ల డబ్బాలో వేసి గీత పైకి పంపండి. కొత్తవి కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు అది తప్పనిసరి, నమోదైన చేతివృత్తులవారు చేసి అమ్మే బొమ్మలకు మాత్రం మినహాయింపు ఉంది.

దాచి చూసే సంచిని కట్టి అటక మీద పెట్టి, పైన తేదీ రాయండి. నెల రోజుల్లో పిల్లలు అడిగినది తిరిగి వస్తుంది, అడగనిది వెళ్లిపోతుంది. ఒక చెవి లేని కుందేలు లేకుండా నిద్రపోని పిల్లలుంటారు. ఆ కుందేలు ఎంత మాసినా ఈ లెక్కల్లోకి రాదు.

## 3. బొమ్మలు: ఒకే కదలికలో లోపలికి పోవాలి

ఇల్లు సర్దడంలో సగం బొమ్మల గొడవే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

రెండేళ్ల పిల్లవాడు బొమ్మను బుట్టలో పడేయగలడు. మూత తీసి, లోపల పేర్చి, మళ్లీ మూత పెట్టడం మాత్రం వాడి వల్ల కాదు. జిప్పులు, క్లిప్పులు, పేర్చే అరలు పెద్దవాళ్ల ముచ్చట. పిల్లల బుట్టకు మూత ఉండకూడదు, బుట్ట వాడి మోకాలి ఎత్తు దాటకూడదు. లోతైన బుట్ట ఇస్తే అడుగున ఉన్న ఒక్క కారు కోసం మొత్తం బోర్లిస్తాడు.

బుట్టల ఎంపిక. మేదరివారు అల్లే వెదురు బుట్టలు చెప్పిన కొలతకు చేసి ఇస్తారు. తొమ్మిది అంగుళాల ఎత్తు, వెడల్పైన నోరు, పిడి లేకుండా అడగండి. తెచ్చాక లోపలా బయటా గరుకు కాగితంతో రుద్ది, చేతికి చీలికలు తగలడం లేదని చూసుకోండి. బొమ్మలకు లేని రంగు లేదు, కాబట్టి బుట్టలన్నీ ఒకే రంగులో ఉండాలి. హాలు అందంగా కనిపించడానికి నేను చేసిన పనుల్లో అన్నింటికన్నా చవకైనది ఇదే.

వంతులు. బొమ్మలన్నీ నాలుగు భాగాలు చేయండి. ఒక భాగం బయట, మూడు భాగాలు అటక మీద. ఆదివారం ఒక భాగాన్ని దించి, ఉన్నదాన్ని ఎక్కించండి. మూడు వారాలు కనిపించని వంటసామాను బొమ్మలు తిరిగి వస్తే కొత్తవాటిలాగే ఆడుకుంటారు. ప్రతి భాగంలో ఇవి ఉండేలా చూడండి:

- కట్టేవి (చెక్క దిమ్మెలు లాంటివి)
- తోసేవి (కార్లు, రైలు)
- ఉత్తుత్తి ఆటవి (వంటసామాను, డాక్టరు పెట్టె)
- ఒకటి రెండు పజిళ్లు
- నాలుగైదు పుస్తకాలు

గుర్తులు. బుట్ట మీద "కార్లు" అని రాసి లాభం లేదు, చదివేవాడు లేడు. ఆ బుట్టలో ఉండాల్సిన వస్తువు ఫోటో తీసి, అచ్చు వేయించి అంటించండి. పెద్దపిల్ల అక్షరాలు దిద్దుతుంటే ఫోటో కింద దానితోనే పేరు రాయించండి. "కార్లు"లో రేఫం అటు తిరిగి ఉంటే అలాగే ఉండనివ్వండి.

పుస్తకాలు వీపు కనిపించేలా పేర్చితే పిల్లలు తీయరు. అట్ట ముందుకు కనిపించేలా, గోడకు బిగించిన సన్నని పట్టీ మీద నిలబెట్టండి. ఆరు పుస్తకాలు చాలు.

వేరే ఉండాల్సినవి: రంగులు, బంకమట్టి, జిగురు, కత్తెర. వీటిని ఒక పళ్లెంలో పెట్టి గీత పైన ఉంచండి. అడిగినప్పుడు పళ్లెంతో సహా దించి, అయ్యాక పళ్లెంతో సహా ఎక్కించండి.

## 4. గడప దగ్గరే ఆపేయండి

ఇల్లు పాడయ్యేది గడప దగ్గర. చెప్పులు, స్కూలు సంచి, నీళ్ల సీసా, పార్కులో ఏరిన రాళ్లు అన్నీ అక్కడి నుంచే లోపలికి వస్తాయి.

తలుపు పక్కన పిల్లల భుజం ఎత్తున కొక్కేలు బిగించండి, మనిషికి ఒకటే. కింద చెప్పులకు ఒక తక్కువ ఎత్తు అర. రాళ్లు, ఈకలు, గింజల కోసం ఒక స్టీలు డబ్బా గీత పైన పెట్టండి. డబ్బా నిండితే పిల్లలే ఎంచుకుని మిగతావి కింద మొక్కల్లో పోసి వస్తారు. ఈ ఒప్పందం మా ఇంట్లో ఇంతవరకు ఒక్కసారే భగ్నమైంది.

## 5. గోడలు, సోఫా, నేల: మరకను ముందే ఊహించి కొనండి

గోడలు. సొంత ఇల్లయితే కనీసం హాలులోనైనా కడగడానికి వీలైన ఎమల్షన్ వేయించండి. అద్దె ఇళ్లలో ఎక్కువగా ఉండేది డిస్టెంపరు. తడిగుడ్డ తగిలితే మరకతో పాటు రంగూ వస్తుంది. అందుకని రాసుకోవడానికి ఒక చోటు మీరే ఇవ్వండి. తలుపు వెనక గోడ మీద, నేల నుంచి గీత వరకు గోధుమరంగు కాగితం అంటించి "ఇది నీది" అని చెప్పండి. అక్షరాభ్యాసం నాటి పలకను కూడా అక్కడే తగిలించండి.

సోఫా. తెల్ల సోఫా మీద ఆశ ఉంటే ఐదేళ్లు ఆగండి. జిప్పు తీసి ఉతుక్కునే గలేబు, మధ్యస్థమైన రంగు, కాస్త గీతలో పువ్వులో ఉన్న గుడ్డ అయితే మరక కలిసిపోతుంది. మీకు ఇష్టమైన లేత రంగులు తెరలకు, గీత పైన గోడకు వాడుకోండి.

నేల. కుచ్చులున్న మందపాటి తివాచీలో ఇడ్లీ పొడి దూరితే మళ్లీ బయటికి రాదు. నేత జంపఖానా వేయండి, తిరగేసి దులపవచ్చు, బాల్కనీ కమ్మీ మీద వేసి ఆరేయవచ్చు. వరంగల్ జంపఖానాలు ఇందుకు చక్కగా సరిపోతాయి, గదికి రంగూ వస్తుంది. జారకుండా కింద రబ్బరు జాలీ వేయడం మరవకండి.

రంగుల లెక్క. చెక్క రంగు కాకుండా గదికి రెండు రంగులే అనుకోండి. దిండు గలేబులు, తెరలు, జంపఖానా ఆ రెండింటిలోనే ఉండాలి. మూడో రంగు తెచ్చే బాధ్యత బొమ్మలు ఎలాగూ తీసుకుంటాయి.

బరువైనవి. బీరువా, పుస్తకాల అల్మరా, పొడవాటి షూ ర్యాకు అన్నింటినీ ఎల్ ఆకారపు క్లాంపులతో గోడకు బిగించండి. సొరుగులను మెట్లలా వాడుకుని పైకి ఎక్కే పిల్లల మీద ఇవి పడతాయి. అద్దె ఇల్లయినా యజమానిని ఒప్పించండి, రెండు రంధ్రాలు తర్వాత పూడ్చవచ్చు. టీవీ కూడా బల్ల మీద కన్నా గోడకే మేలు. బాల్కనీ కమ్మీ పక్కన కుర్చీ, స్టూలు, కుండీ ఏదీ ఉండకూడదు.

మొక్కలు. మనీ ప్లాంట్, డంబ్ కేన్ ఆకులు నమిలితే నోరు మండి వాస్తుంది. వాటిని పిల్లలకు అందనంత ఎత్తున ఉంచండి. గన్నేరు చెట్టంతా విషమే, పిల్లలున్న ఇంట్లో వద్దు. అరెకా పామ్, స్పైడర్ ప్లాంట్ నిశ్చింతగా కింద పెట్టుకోవచ్చు. మట్టి తవ్వుతారంటారా? కుండీ పైన చేతికి పట్టనంత పెద్ద గులకరాళ్లు పరవండి.

## 6. బట్టలు, వంటగది

పిల్లల బట్టలను మడత పెట్టి దొంతర్లు పేర్చకండి. ఒక చొక్కా లాగితే దొంతరంతా నేల మీదకు వస్తుంది. చుట్టి, సొరుగులో నిలువుగా నిలబెట్టండి. లోదుస్తులకు మడత కూడా అక్కరలేదు, ఒక డబ్బాలో పడేయండి. బీరువాలో కింద ఒక ఖాళీ సంచి ఎప్పుడూ వేలాడాలి. పొట్టి అయిన గౌను ఉతికి ఆరిన రోజే ఆ సంచిలోకి వెళ్లాలి, తిరిగి అరలోకి కాదు.

వంటగదిలో కింది సొరుగు ఒకటి పిల్లలకు వదిలేయండి: స్టీలు గిన్నెలు, గరిటెలు, మూతలు. మీరు వంట చేస్తున్నంతసేపూ వాళ్లకు పని దొరుకుతుంది. శబ్దం భరించాలి. మిగతా కింది సొరుగులకు పిల్లల తాళాలు బిగించండి. అన్నం ఒకే చోట తినాలన్న నియమం ఒక్కటి నిలబెడితే చీపురు పని సగం తగ్గుతుంది.

## 7. సాయంత్రం పావుగంట

వేళ ముఖ్యం. చాలామంది పిల్లలు పడుకునే ముందు సర్దించబోతారు. అప్పటికి వాళ్లు అలసిపోయి ఉంటారు, ఏడుపుతో ముగుస్తుంది. రాత్రి భోజనానికి ముందు చేయండి. సర్దిన తర్వాత అన్నం ఉందని తెలుసు కాబట్టి చేతులు కదులుతాయి.

వరస ఇది:

1. నేల మీదవన్నీ బుట్టల్లోకి. ఇది పిల్లల పని.
2. సోఫా, బల్ల, టీవీ కింద బండ. ఇది మీ పని. ఇంట్లో ఇంకో పెద్దమనిషి ఉంటే వారి పని కూడా.
3. వేరే గదివి ఒక బుట్టలో వేసుకుని ఒకే తిరుగుడులో ఎక్కడివి అక్కడ.
4. చివరికి చీపురు.

"సర్దు" అని చెబితే పిల్లలకు ఏమీ అర్థం కాదు. "కార్లన్నీ ఈ బుట్టలోకి" అనండి, అవి అయ్యాక "ఇప్పుడు దిమ్మెలు". ఒక్కసారికి ఒక్క మాటే. మీకు నచ్చిన పాట ఒకటి ఎప్పుడూ అదే పెట్టండి. వారం తిరిగేసరికి పాట మొదలవగానే చిన్నవాడు బుట్ట వైపు నడుస్తాడు, చేతిలో బొమ్మ ఉన్నా లేకపోయినా.

## 8. మరకలు: రుద్దే ముందు ఆగండి

మొదట ఒక మూల మీద పరీక్షించి, తర్వాతే మరక మీద చేయి వేయండి.

- మైనపు రంగులు, ఎమల్షన్ గోడ మీద: తడి గుడ్డ మీద కొద్దిగా వంటసోడా వేసి మెల్లగా గుండ్రంగా తుడవండి. డిస్టెంపరు మీద ఈ పని చేయకండి. పైపైన గీకి, మిగిలిన రంగుతో ఆ చోట పూయండి. రంగు వేయించినప్పుడే చిన్న సీసాలో కాస్త దాచుకోవాలి.
- బాల్ పెన్ను: దూదికి శానిటైజరు అద్ది ఒత్తండి, దూది మారుస్తూ ఉండండి.
- పసుపు, సాంబారు: సబ్బు తగలగానే మరక ఎర్రబడుతుంది. కంగారుపడకండి, పసుపు తీరే అంత. ఉతికి నేరుగా ఎండలో ఆరేయండి. ఆ పసుపును విరిచేది ఎండే, ఒకటి రెండు ఎండల్లో తేలిపోతుంది.
- నూనె, సోఫా మీద: మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్) చల్లి గంటసేపు వదిలి, బ్రష్‌తో దులపండి.
- పరుపు మీద మూత్రం: పొడిగుడ్డతో ఒత్తి పీల్చండి, రుద్దవద్దు. వెనిగర్, నీళ్లు సమంగా కలిపి చల్లి ఆరనిచ్చి, వంటసోడా చల్లి కొన్ని గంటల తర్వాత దులిపి ఎండలో పెట్టండి. పరుపు మీద ఒక రబ్బరు షీటు ముందే ఉంటే ఇదంతా ఉండదు.
- బంకమట్టి: తడిలో లాగకండి. ఎండనిచ్చి దులపండి.

పాలరాతి మీద వెనిగర్, నిమ్మరసం వాడితే మెరుపు పోతుంది. బ్లీచింగ్‌నూ యాసిడ్‌నూ ఎన్నడూ కలపవద్దు, వచ్చే వాయువు ఊపిరితిత్తులను కాలుస్తుంది.

## 9. చుట్టాలు వీధి మలుపులో ఉన్నారంటే

పది నిమిషాలే ఉంటే ఇల్లంతా తిరగకండి.

1. ఒక పెద్ద బుట్టతో హాలు నేల ఖాళీ చేసి, బుట్టను పడకగదిలో పెట్టి తలుపు వేయండి.
2. సోఫా దిండ్లు దులిపి నిలబెట్టండి.
3. స్నానాల గదిలో కుళాయి, అద్దం తుడవండి. తువ్వాలు మార్చండి.
4. చెత్తబుట్ట బయట పెట్టండి.
5. పసుపుపచ్చ వెలుతురు దీపం వేసి, తెల్ల ట్యూబులైటు ఆపండి. మూలలు కాస్త మరుగవుతాయి.

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేవారు కూడా గీతనే నమ్ముకోవచ్చు. మట్టి బొమ్మలు గీత దాటిన మెట్లమీద, కింది రెండు మెట్ల మీద చెక్కవి, గుడ్డవి. కింది మెట్లను పిల్లలనే పేర్చనివ్వండి. ఆ మెట్టు మీద దశావతారాల పక్కన డంపర్ లారీ నిలబడుతుంది, నిలబడనివ్వండి.

## 10. ఎక్కడ తప్పుతాం, ఎలా దిద్దుకోవాలి

వారంలో పద్ధతి చెడిపోయింది. బుట్టలు ఎక్కువై ఉంటాయి. సగానికి తగ్గించండి.

పిల్లలు అసలు సర్దరు. ఒక వారం మీరు సర్దుతూ చివరి మూడు బొమ్మలు మాత్రం వాళ్లకు వదలండి. తర్వాత ఐదు, ఆ తర్వాత పది.

తాతయ్య, అమ్మమ్మ వచ్చినప్పుడల్లా సంచి నిండా బొమ్మలు. వద్దనకండి, బాధపడతారు. "వాడికి సైకిల్ కావాలట" అని ముందే చెప్పండి. లేదా ఆ బొమ్మలు వాళ్లింట్లోనే ఉంచమనండి, అక్కడికి వెళ్లడానికి పిల్లలకు ఇంకో కారణం దొరుకుతుంది.

ఒక కుర్చీ మీద బట్టల కొండ పెరుగుతోంది. కుర్చీ తీసేయండి. నిజంగానే.

వారానికోసారి చూసుకోవడానికి:

- బొమ్మల వంతు మారిందా?
- పొట్టి అయిన బట్టలు సంచిలో పడ్డాయా?
- క్లాంపులు, సొరుగు తాళాలు బిగువుగా ఉన్నాయా?
- తాళంలో ఉండాల్సినవి తాళంలోనే ఉన్నాయా?
- ఎదుటి గోడ మీద దుమ్ము తుడిచారా?

ఆరు నెలలకోసారి పిల్లవాడిని మళ్లీ గోడకు ఆనించి చెయ్యి చాపమనండి. పాత గీత పక్కన కొత్త గీత గీసి తేదీ రాయండి. మా చిన్నవాడు పోయిన నెల రెండంగుళాలు పైకి అందుకున్నాడు. కొమ్ము లేని ఎద్దు బండితో సహా ఇంకో అర పైకి వెళ్లింది.